తప్పు జవాబు వచ్చాక ఏం జరుగుతుంది?

ఒక ప్రాథమిక పాఠశాల తరగతి ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే గోడల మీది చార్టులు చూడక్కర్లేదు, ఎన్ని చేతులు లేస్తున్నాయో లెక్కపెట్టక్కర్లేదు. ఎవరో ఒకరు తప్పు జవాబు చెప్పేదాకా ఆగి, ఆ తర్వాతి పది సెకన్లు గమనిస్తే చాలు. టీచర్ చూపు ఎటు తిరిగింది, పక్క బెంచీలో ఎవరు నవ్వారు, "నేను చెప్తా, నేను చెప్తా" అంటూ ఎన్ని చేతులు లేచాయి, కూర్చున్న పిల్ల మళ్లీ ఆ పీరియడ్‌లో నోరు తెరిచిందా లేదా. తరగతి సంస్కృతి అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునేదంతా ఆ కాసేపట్లో బయటపడిపోతుంది. పిల్లలు పాల్గొనడం లేదు, ఆసక్తి లేదు అని వాపోయే చోట చాలాసార్లు కరువైంది తప్పు చెప్పినా ఏమీ కాదనే భరోసా. దాన్ని కట్టుకొచ్చే పని ఉపన్యాసాలతో అయ్యేది కాదు. ప్రశ్న అడిగే తీరులో, ఆగే తీరులో, పేరు పిలిచే తీరులో ఉంది.

మూడో తరగతి లెక్క ఒకటి చూద్దాం. బోర్డు మీద 52 − 27 ఉంది. ఒక బాబు లేచి "35" అన్నాడు. "తప్పు, కూర్చో. ఇంకెవరు?" అనే పాత దారి మంచిది కాదని ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ దాని స్థానంలో వచ్చిన మెత్తని మాటలు కూడా అంత అమాయకమైనవేమీ కావు. "ఎవరు సాయం చేస్తారు?" అనగానే ఇరవై చేతులు లేస్తాయి. వాడు తప్పు చెప్పాడని తరగతంతా దండోరా వేసినట్టవుతుంది, పైగా వాడి లెక్క వాడి చేతిలోంచి జారి ఇంకొకరి పాలవుతుంది. "దగ్గరికొచ్చావు" అనడం ఇంకో తీరు. ఎక్కడ తప్పిందో ఆ మాటలో ఒక్క ముక్క లేదు. ఇక "ఊఁ..." అని తల తిప్పేసి మరొకరి వైపు చూడడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, అన్నిటికన్నా తక్కువగా గమనించేది.

"35 ఎలా వచ్చిందో బోర్డు మీద చేసి చూపించు" అంటే వాడు వచ్చి "ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి రెండు పోతే మూడు" అంటాడు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశాడన్నమాట. ఇది పరాకు వల్ల జరిగింది కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని తనకు తానే ఒక సూత్రం కట్టుకున్నాడు. 81 − 46 ఇచ్చి చూడండి, అచ్చుగుద్దినట్టు 45 చెప్తాడు. అప్పు తీసుకోనవసరం లేని లెక్కల్లో ఆ సూత్రం ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది, అందుకే అన్నాళ్లు దొరక్కుండా బతికింది. ఇప్పుడు "27కి నీ 35 కలిపి చూడు, 52 వస్తుందా?" అంటే 62 వచ్చిందని వాడే కనిపెడతాడు. తర్వాత పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, ఇరవై ఏడు తియ్యమంటే కట్ట ఎందుకు విప్పాల్సి వచ్చిందో చేతికే తెలుస్తుంది. అంతా కలిపి మూడు నిమిషాల పని. అదే సూత్రం పట్టుకుని కిక్కురుమనకుండా కూర్చున్న ఇంకో నలుగురైదుగురు ఆ గదిలో ఉండే ఉంటారు, ఆ మూడు నిమిషాలు వాళ్లవి కూడా.

ఇందులో ఒక మెలిక ఉంది. "ఎలా వచ్చింది?" అని తప్పు చెప్పినప్పుడే అడిగితే వారం తిరక్కుండా పిల్లలు దాన్ని పసిగడతారు. ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు, కారణం వెతకరు. అందుకని సరైన జవాబులకీ అదే గొంతుతో, అదే మొహంతో ఆ ప్రశ్న వెయ్యాలి. సరైన జవాబు గుడ్డి లెక్కన వచ్చిన సందర్భాలు కూడా అప్పుడే బయటపడతాయి. అలాగని ప్రతి తప్పుకీ మూడు నిమిషాలు పెట్టనక్కర్లేదు. ఏడెనిమిదులు 54 అన్న పిల్లను "ఎలా వచ్చింది?" అని నిలబెట్టడం వేధింపే. "56" అని చెప్పి, ఒకసారి అనిపించి, అయిదు నిమిషాలాగి మళ్లీ ఆ పిల్లనే అడిగితే సరిపోతుంది. ఏ తప్పు వెనక ఆలోచన ఉంది, ఏది ఉత్త మతిమరుపు అన్న తేడా పట్టుకోవడమే ఇక్కడ టీచర్ పనితనం.

నవ్వు సంగతి. తప్పు విని ఎవరైనా నవ్వితే పెద్ద క్లాసు పీకడం వల్ల లాభం లేదు, తప్పు చెప్పిన పిల్లే ఇంకాసేపు అందరి కళ్లలో పడుతుంది. "మన క్లాసులో జవాబు విని నవ్వం" అని ఒక్క వాక్యం, గొంతు పెంచకుండా, ఆ వెంటనే పాఠం. నవ్వడం కంటే ఎక్కువ మంది గమనించనిది, ఒకరు తడబడుతుండగానే గాల్లో ఊగే చేతులు. ఆ చేతులు "నీకు రాదు, నాకొచ్చు" అని చెప్పినట్టే ఉంటాయి. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతా చేతులన్నీ కిందే ఉండాలన్న నియమం బడి తెరిచిన మొదటి వారంలోనే పెట్టాలి.

అసలు చేతులెత్తించే పద్ధతినే ఒకసారి తిరగేసి చూడాలి. టీచర్ అడగడం, ఒకరు చెప్పడం, టీచర్ ఒప్పో తప్పో తేల్చడం అన్న మూడు మెట్ల వరసను పరిశోధకులు సింక్లెయిర్, కూల్తార్డ్ 1975లో, హ్యూ మెహన్ 1979లో తరగతి సంభాషణలను అక్షరం అక్షరం రాసుకుని చూపించారు. ఇప్పటికీ చాలా తరగతులు ఆ మెట్ల మీదే నడుస్తున్నాయి. లెక్క కట్టి చూడండి. 40 నిమిషాల పీరియడ్, 30 మంది పిల్లలు. ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక తీర్పు కలిపి 20 సెకన్లనుకుందాం. టీచర్ ఇంకేమీ చెప్పకుండా పీరియడ్ అంతా ఇదే చేసినా వచ్చేవి 120 వంతులు, ఒక్కొక్కరికి నాలుగు. అందులో పిల్ల గొంతు వినపడేది వంతుకి అయిదు సెకన్లు. అంటే పీరియడ్ మొత్తం మీద ఇరవై సెకన్లు, అదీ అందరికీ సమానంగా పంచితే. కానీ పంచరు. చేతులెత్తేవాళ్లు ఆరేడుగురు ఉంటారు, వాళ్లే అన్ని వంతులూ తీసుకుంటారు, పాఠం చకచకా సాగుతున్నట్టు అనిపిస్తుంది. మిగతా ఇరవై మూడు, ఇరవై నాలుగు మంది ఆ ఆరేడుగురి చదువుకి ప్రేక్షకులు. ఇలాంటి క్లాసుని బయటివాళ్లెవరైనా వచ్చి చూస్తే "ఎంత హుషారుగా ఉన్నారో" అని మెచ్చుకుని వెళ్తారు, అదీ తమాషా.

పాల్గొనడం అనే మాటలో మూడు పొరలున్నాయని పరిశోధకులు ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ 2004లో చేసిన విభజన పనికొచ్చేదే: చేతలు, భావం, ఆలోచన. చెప్పింది చెయ్యడం ఒకటి, ఆ గదిలో ఉండాలనిపించడం ఒకటి, బుర్ర పనిచెయ్యడం ఒకటి. మొదటిది కంటికి కనిపిస్తుంది కాబట్టి మనం దాన్నే కొలుస్తాం. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని, బోర్డు వైపే చూస్తున్న పిల్ల బుర్రలో ఆటల పీరియడ్ నడుస్తూ ఉండొచ్చు. కాలు ఊపుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ వింటున్నవాడు ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పొచ్చు. మాట్లాడని పిల్లలందర్నీ మాట్లాడించి తీరాలని పట్టుబట్టడం కూడా ఈ గందరగోళంలోంచే వస్తుంది. నోటితో చెప్పనిది రాతలో చెప్పే పిల్ల పాల్గొంటున్నట్టే లెక్క.

సరే, చెయ్యాల్సిన పనులేమిటి? అన్నిటికన్నా చౌకైనది ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు పాఠాలను టేపుల్లో రికార్డు చేసి విన్నప్పుడు, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే, చాలాచోట్ల అంతకన్నా తక్కువే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలు నోరు విప్పారు. ఆగాల్సిన చోట్లు రెండు. ప్రశ్న వేశాక ఒకసారి, జవాబు విన్నాక ఇంకోసారి. రెండోదాన్ని అందరూ వదిలేస్తారు. పిల్ల మాట ముగించీ ముగించకముందే "వెరీ గుడ్" పడిపోతుంది. ఆ మూడు సెకన్లూ ఊరుకుంటే చాలామంది తమ జవాబుకి తామే ఇంకో వాక్యం చేరుస్తారు, లేదా "అది కాదు టీచర్, ఆగండి" అని సర్దుకుంటారు.

వినడానికి తేలికే, చెయ్యబోతే కష్టం. మూడు సెకన్ల నిశ్శబ్దం టీచర్‌కి మూడు నిమిషాల్లా అనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికి అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడిగేస్తారు, పిల్లలు అది కొత్త ప్రశ్న అనుకుని ఆలోచన మళ్లీ మొదటికి తెస్తారు. అందుకని ప్రశ్న ఒక్కసారే అడగాలి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టాలి, ఆ కాసేపూ కదలకుండా నిలబడాలి. చురుకైన పిల్లల చేతులు లేస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు కాబట్టి, జవాబు దొరికినవాళ్లు చెయ్యెత్తే బదులు గుండె దగ్గర బొటనవేలు పైకి పెట్టి చూపించాలని నేర్పొచ్చు. టీచర్‌కి కనిపిస్తుంది, పక్కవాళ్లకు కనిపించదు. ఎక్కాలు, రాజధానుల పేర్లు లాంటి వాటికి ఈ ఆగడం అక్కర్లేదు. వస్తే వెంటనే వస్తుంది, రాకపోతే పది సెకన్లు ఆగినా రాదు.

పేర్ల పుల్లలు చాలా చోట్ల వాడతారు, సగం చోట్ల తప్పుగా వాడతారు. ఒక్కో ఐస్‌క్రీమ్ పుల్ల మీద ఒక్కొక్కరి పేరు రాసి డబ్బాలో వెయ్యడం, ప్రశ్న అడిగి, ఆగి, అప్పుడు పుల్ల తియ్యడం. ఈ వరస తప్పకూడదు. పేరు ముందు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగతా ఇరవై తొమ్మిది మందికి ఆ నిమిషం సెలవు దొరికినట్టే. తీసిన పుల్లను మళ్లీ డబ్బాలోనే వెయ్యాలి. పక్కన పెట్టేస్తే ఒకసారి చెప్పినవాళ్లు ఇక తమ వంతు రాదని తెలిసి వెనక్కి వాలతారు. "తెలీదు" అన్న పిల్లను వదిలెయ్యకూడదు, నిలబెట్టకూడదు. "సరే, ఇంకో ఇద్దరు చెప్పింది విని నీ దగ్గరికి వస్తా" అనాలి, ఇద్దరి తర్వాత నిజంగానే రావాలి, "వాళ్లు చెప్పిన వాటిలో నీకు ఏది సరైందనిపించింది, ఎందుకు?" అని అడగాలి. ఆ తిరిగి రావడం రెండుసార్లు మర్చిపోతే చాలు, "తెలీదు" అనేది తరగతిలో అన్నిటికన్నా తేలికైన జవాబు అయిపోతుంది.

నత్తి ఉన్న పిల్లల్ని, ఇంటి భాష వేరై బడి భాష ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల్ని పుల్లల డబ్బాకి వదిలెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం. వాళ్ల దగ్గరికి పిల్లలు రాసుకుంటున్నప్పుడు వెళ్లి, "ఈ మూడోది నిన్ను అడుగుతా, ఇదే చెప్పు, బాగుంది" అని ముందే చెప్పి పెట్టొచ్చు. మోసమేమీ కాదు. తెలిసింది చెప్పడానికి కాస్త సిద్ధమయ్యే వీలు, పెద్దలం మనం సమావేశాల్లో మనకు మనం ఇచ్చుకునేదే.

జంటలుగా మాట్లాడించడం దగ్గరికొద్దాం. ముందు ఒంటరిగా ఆలోచించడం, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడడం, ఆ తర్వాత అందరికీ చెప్పడం అనే వరసకి 1981లో ఫ్రాంక్ లైమన్ ఒక పేరు పెట్టారు, ఇప్పుడది టీచర్ల శిక్షణల్లో మొదటి రోజే చెప్పే సంగతి. పైన వేసిన లెక్కతో పోల్చండి. రెండు నిమిషాల జంట మాటల్లో ప్రతి పిల్లకీ ఒక నిమిషం నోరు తెరిచే వీలుంది, పీరియడ్ మొత్తంలో దొరికే ఇరవై సెకన్లకు అది మూడింతలు. అయినా "పక్కవాళ్లతో చర్చించండి" అని వదిలేస్తే గది సంతలా మారుతుంది, ఎందుకంటే ఎవరు మొదలుపెట్టాలో, ఎంతసేపో, చివర ఏం చూపించాలో అందులో ఏదీ లేదు. మొదట 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఆలోచించాలి. తర్వాత కిటికీ వైపున్నవాళ్లు ముందు, 45 సెకన్లు. చప్పట్ల గుర్తు వినగానే గోడ వైపున్నవాళ్లు, 45 సెకన్లు. ఆ తర్వాత పుల్ల తీసి, "నీ పక్కవాడు ఏమన్నాడో చెప్పు" అని అడగాలి. ఈ చివరి ప్రశ్న ఉంటుందని తెలిస్తేనే వింటారు. తన తప్పు కంటే పక్కవాడి ఆలోచన చెప్పడం పిల్లలకు తేలిక కూడా, భయస్థులు మొదట నోరు విప్పేది ఇక్కడే.

చెడేదెక్కడంటే, సమయం దగ్గర. మూడు నిమిషాలు ఇస్తే రెండో నిమిషానికే కబుర్లు మొదలవుతాయి. ఇంకా నలుగురు మాట్లాడుతుండగానే ఆపడం మంచిది. బేసి సంఖ్య వచ్చిన రోజు ఒక చోట ముగ్గురిని కూర్చోబెట్టాలి, టీచర్ జంటగా కూర్చుంటే మిగతా గదిని చూసే కళ్లు ఉండవు. మరీ గడుసు పిల్లని మరీ మెతక పిల్ల పక్కన పెడితే ఒకళ్లే మాట్లాడతారు. ఒక మాదిరి తేడా ఉన్నవాళ్లని కలపాలి, మూడు నాలుగు వారాలకోసారి జంటలు మార్చాలి.

పలకకు మళ్లీ మంచి రోజులు రావాలి. చిన్న తెల్ల బోర్డు కావచ్చు, నల్ల పలక కావచ్చు, ప్లాస్టిక్ కవరులో పెట్టిన తెల్ల కాగితం కావచ్చు. అందరూ రాసి, పలక గుండెకు ఆనించి పెట్టుకుని, "మూడు, రెండు, ఒకటి, చూపించు" అనగానే ఒకేసారి తిప్పాలి. ముప్ఫై జవాబులు అయిదారు సెకన్లలో చూడొచ్చు. తప్పు చెప్పినవాళ్లు నిలబడరు, వాళ్ల తప్పు ముప్ఫై పలకల్లో ఒకటి మాత్రమే. ప్రశ్న బాగా ఎంచుకోవాలి. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా, రెండూ సమానమా? బొమ్మ గీసి చూపించు" అంటే, 3 కంటే 4 పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదనుకునే పిల్లలు ఎవరో అక్కడికక్కడే తేలిపోతారు. కొందరు గీసిన రెండు బొమ్మలు వేర్వేరు సైజుల్లో ఉంటాయి. అసలు వస్తువు సమానంగా ఉండాలన్న సంగతి వాళ్లకు అందలేదని ఏ నోటి జవాబూ చెప్పని విషయం అలా తెలుస్తుంది.

పలకలతో వచ్చే ఇబ్బందులు మామూలువే. ముందే చూపించేవాళ్లు, పక్కది చూసి చెరిపి రాసేవాళ్లు, బొమ్మలు గీస్తూ కూర్చునేవాళ్లు. మొదటి రెండిటికీ అందరూ ఒకేసారి తిప్పడమే మందు, మూడోదానికి రోజు మొదట్లో రెండు నిమిషాలు ఇష్టమొచ్చింది గీసుకోనిస్తే సరి. అసలు ఇబ్బంది టీచర్‌తోనే. ముప్ఫైలో పన్నెండు తప్పులు కనిపించినా "చాలామందికి వచ్చింది" అనుకుని పాఠం ముందుకు లాగడం. చూసినదాన్ని బట్టి నడక మార్చకపోతే పలకలు మొక్కుబడి తంతు. నలుగురైదుగురే తప్పితే వాళ్లను తర్వాత విడిగా కూర్చోబెట్టొచ్చు. సగానికి సగం తప్పితే అది జంట మాటలకు అన్నిటికన్నా మంచి సమయం, ఎందుకంటే గదిలో నిజంగా రెండు అభిప్రాయాలున్నాయి. ముప్పాతిక మంది తప్పితే ఇంకోలా చెప్పాలి, అదే మాట గట్టిగా చెప్పడం ఇంకోలా చెప్పడం అవదు.

స్టార్లు, స్టిక్కర్లు, గోడ మీద రంగుల పట్టీల గురించి నేను కాస్త కటువుగానే ఉంటాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం చాలామందికి తెలుసు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత తీరిక వేళల్లో మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. దీన్నిబట్టి బహుమతులన్నీ విషం అనేయడం అతి. ఇష్టం లేని పని, అలవాటు పడేదాకా చెయ్యాల్సిన పని ఉంటే చిన్న ప్రోత్సాహం పనికొస్తుంది. ఇష్టంగా చదువుతున్న కథకి స్టిక్కర్ అంటించడమే దండగమారి పని. ఇక అల్లరి చేస్తే ఎర్ర పట్టీ, బుద్ధిగా ఉంటే పచ్చ పట్టీ అని పేర్లు గోడకెక్కించే చార్టుల్లో మూడో వారానికే ఎర్రలో ఉండే ఆ ముగ్గురు నలుగురి పేర్లు ఖాయమైపోతాయి. గదిలోకి వచ్చే ప్రతి పెద్దమనిషీ ముందు వాటినే చదువుతాడు. ఆ పిల్లల ప్రవర్తనను మార్చినట్టు నేనైతే చెప్పలేను కానీ, వాళ్లు ఎవరో తరగతికి నేర్పడంలో అది బహు చక్కగా పనిచేస్తుంది.

పొగడ్త కూడా ఇలాంటిదే. అయిదో తరగతి పిల్లల మీద మ్యూలర్, డ్వెక్ చేసిన పని 1998లో వచ్చింది. "నువ్వు తెలివైనదానివి" అనిపించుకున్నవాళ్లు తర్వాత కష్టమైన ప్రశ్నలు ఎదురైనప్పుడు త్వరగా చేతులెత్తేశారు, తమ మార్కుల గురించి అబద్ధం కూడా ఎక్కువమంది చెప్పారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు నిలబడ్డారు. ఇది చదివి ప్రతిదానికీ "కష్టపడ్డావు" అనే టీచర్లు తయారయ్యారు, అది ఇంకో తలనొప్పి. కష్టపడ్డా రాలేదన్న పిల్లకి ఆ మాట "నీకింతే వచ్చు" అన్నట్టు వినిపిస్తుంది. ఏం చేసిందో చెప్పడం మేలు: "మొదటి పేరాలో రాసిన కారణం సరిపోదనుకుని రెండోది చేర్చావు చూడు, అందుకే ఇది నమ్మబుద్ధేస్తోంది."

క్రమశిక్షణ గురించి ఎక్కువ చెప్పను, మనస్తత్వ పరిశోధకుడు జాకబ్ కౌనిన్ మాట ఒక్కటి తప్ప. ఆయన 1970లో ప్రచురించిన పనిలో, బాగా నడిచే తరగతులకీ అస్తవ్యస్తంగా ఉండే తరగతులకీ మధ్య తేడా, అల్లరి జరిగాక టీచర్ ఏమన్నారన్న దానిలో కనిపించలేదు. అల్లరి మొదలవకముందే గదంతా కనిపెట్టి ఉండడంలో, పాఠం ఒక పనిలోంచి ఇంకో పనిలోకి తడబడకుండా సాగడంలో కనిపించింది. దీన్ని రోజువారీ లెక్కలోకి దించితే ఇలా ఉంటుంది. రోజుకి ఆరుసార్లు పిల్లలు ఒక పనిలోంచి ఇంకోదానికి మారతారనుకోండి, ఒక్కోసారి నాలుగు నిమిషాలు పడితే 24 నిమిషాలు. నిమిషంన్నరకి తగ్గిస్తే 9 నిమిషాలు. మిగిలిన 15 నిమిషాలు 200 పనిదినాల్లో 50 గంటలవుతాయి. అల్లరిలో ఎక్కువ భాగం పుట్టేది ఆ ఖాళీల్లోనే.

దాన్ని తగ్గించడానికి అరవక్కర్లేదు, నేర్పాలి. పుస్తకాలు తీసే పద్ధతిని తీసివేత నేర్పినట్టే చేసి చూపించి, చేయించి, తేడా వస్తే నవ్వుతూ మళ్లీ చేయించాలి. మొదటి రెండు వారాలు ఇందుకే పోయినా నష్టం లేదు. ఏ పనైనా చెప్పేది ముందు, సామాన్లు పంచేది తర్వాత. రంగుల పెన్సిళ్లు చేతిలో పడ్డాక చెప్పే సూచన గోడకు చెప్పినట్టే. ఒక్కసారికి మూడు సూచనలు మించకూడదు, అవి బోర్డు మీద ఉండాలి, పని మొదలయ్యే ముందు ఒకరిచేత తిరిగి చెప్పించాలి. గోల ఉండగా గొంతు పెంచి మాట్లాడితే టీచర్ మాట గోలలో ఒక భాగంగా మారుతుంది. గుర్తు ఇచ్చి, నిశ్శబ్దం వచ్చేదాకా ఆగాలి. బెంచీలు వరసల్లో ఉండాలా, గుంపులుగా ఉండాలా అన్న వాదన పెద్దగా అక్కర్లేదు. ఒంటరిగా రాసే పనికి వరసలు, మాట్లాడే పనికి గుంపులు. గోడల నిండా అలంకరణ మాత్రం కాస్త తగ్గించాలి. చిన్నపిల్లలు అలంకరణ ఎక్కువున్న గదిలో ఎక్కువగా దారి తప్పారనీ, తక్కువ నేర్చుకున్నారనీ 2014లో ఫిషర్, గాడ్విన్, సెల్ట్‌మన్ చూపించారు.

ఇవన్నీ చేస్తున్నామో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితం చాలు. తరగతి కూర్చున్న తీరు గీసి, ఇరవై నిమిషాలు తోటి టీచర్ ఎవరినైనా వెనక కూర్చోబెట్టండి. ఎవరిని అడిగితే వాళ్ల గడిలో ఒక గీత. "అవును", "కాదు", ఒక్క మాట జవాబు చాలే ప్రశ్నకి నీలం, "ఎందుకు", "ఎలా" ప్రశ్నకి ఎరుపు. జవాబు తప్పినప్పుడు పక్కన చిన్న సున్నా, ఆ తర్వాత టీచర్ ఇంకొకరి దగ్గరికి పోకుండా ఆ పిల్లతోనే ఆగితే సున్నాలో చుక్క. ముందు వరసలోనూ మధ్యలోనూ గీతలు పోగుపడడం చాలా తరగతుల్లో కనిపించేదే, దానికి కంగారు పడక్కర్లేదు, టీచర్ నిలబడే చోటు మారిస్తే కొంత మారుతుంది. చూడాల్సింది రంగులు. వెనకబడ్డారనుకున్న పిల్లలకు అన్నీ నీలాలే పడితే, తప్పు చెప్పకుండా వాళ్లను కాపాడుతున్నామనుకుంటూ ఆలోచించే పనే వాళ్లనుంచి లాగేసుకున్నాం. చుక్క లేని సున్నాలు ఎవరి గడుల్లో ఉన్నాయో కూడా చూడండి. సాధారణంగా ఒకే రకం పిల్లలవే.

అసలు గీతే పడని గడులు మిగులుతాయి. వాటిలో ఉన్న పిల్లల గురించి "ఆసక్తి లేదు" అని రాసేముందు కళ్లు, చెవులు, నిద్ర, ఆకలి చూడాలి. బోర్డు కనిపించని పిల్ల తనకు కనిపించడం లేదని చెప్పదు, అందరికీ అలాగే మసగ్గా ఉంటుందనుకుంటుంది. పక్కవాళ్ల నోట్సులోంచి రాసుకోవడం, కళ్లు చికిలించడం, బోర్డు నుంచి రాసేటప్పుడు మాత్రమే తప్పులు ఎక్కువై పుస్తకంలోంచి రాసేటప్పుడు తగ్గడం దీని గుర్తులు. ఒక వైపు నుంచి పిలిస్తే పలికి, ఇంకో వైపు నుంచి పిలిస్తే పలకని పిల్లవాడికి పొగరు అంటగట్టకముందు చెవి పరీక్ష చేయించాలి. ఒక వారం ముందు బెంచీలో కూర్చోబెట్టి, అదే పొడవున్న పేరా బోర్డు మీద నుంచి రాయించి, పట్టిన సమయం, తప్పులు రెండూ పాత నోట్సుతో పోల్చితే తల్లిదండ్రులకు చూపించడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. "మీ పాప చదువు మీద ధ్యాస పెట్టడం లేదు" అని పంపే చీటీ కంటే "కంటి పరీక్ష చేయించండి, ఇదిగో ఈ రెండు పేజీలు చూడండి" అని పంపే చీటీకి ఇంటి దగ్గర వేరే రకం జవాబు వస్తుంది.